డిప్ప లేని తాబేలు: ‘డెర్మోకెలిస్’ వర్గీకరణ చరిత్ర (1554–2023) – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రస్తుతం జీవించివున్న ఏడు సముద్ర తాబేటి జాతులలో ఎముక డిప్ప లేనిది ఒక్కటే. దానిని ఇంగ్లీషులో లెదర్‌బ్యాక్ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘తోలుతాబేలు’ అని వ్యవహరించాను. 1554లో ఫ్రెంచి వైద్యుడు రోందెలె వర్ణన నుంచి 2023లో వెలువడిన జన్యుపటం దాకా ఈ జంతువును శాస్త్రవేత్తలు ఎలా పేర్కొన్నారు, ఏ వర్గంలో చేర్చారు, ఏ కారణాలతో ఆ స్థానాన్ని మార్చారు అనే విషయాలను ఈ వ్యాసం చారిత్రకక్రమంలో పరిశీలిస్తుంది. ఒక లక్షణం లేకపోవడాన్ని ప్రమాణంగా తీసుకున్న వర్గీకరణ చాలాకాలంపాటు ప్రాణిశాస్త్రాన్ని ఎలా దారి మళ్లించిందో, బంధుత్వాన్ని ప్రమాణంగా తీసుకున్న వర్గీకరణ దానిని ఎలా సరిదిద్దిందో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. ఈ చర్చకు నేటి సంరక్షణ సమస్యలతో, ముఖ్యంగా గ్రేట్ నికోబార్ దీవిలోని గలథియా తీరంతో ఉన్న సంబంధాన్ని చివర నిరూపించడం జరిగింది.

కీలకపదాలు: తోలుతాబేలు, డెర్మోకెలిస్ కొరియేసియా, వర్గీకరణ, అథీకే వాదం, డోలో నియమం, కచ్ఛపి, గలథియా, సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

తాబేలు అనగానే తెలుగువారి మనసులో మెదిలేది డిప్ప. కూర్మావతారం మందరపర్వతాన్ని మోసింది ఆ వీపు మీదనే. స్థితప్రజ్ఞుడు ఇంద్రియాలను ఉపసంహరించుకోవడాన్ని భగవద్గీత కూర్మం అవయవాలను లోపలికి ముడుచుకోవడంతో పోల్చింది. ఆ ఉపమానానికి ఆధారం కూడా డిప్పే. మన ఊహలో డిప్ప తాబేటికి ఒక అవయవం మాత్రమే కాదు, దాని నిర్వచనం కూడా.

సముద్ర తాబేళ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ నిర్వచనం కొంత సడలుతుంది. వాటికి డిప్ప ఉంటుంది కానీ తలను, తెడ్లవంటి కాళ్లను అందులోకి ముడుచుకోలేవు. తోలుతాబేటి విషయంలో నిర్వచనం పూర్తిగా ప్రశ్నార్థకమవుతుంది. దాని వీపు మీద గట్టి ఎముక డిప్ప లేదు, కొమ్ముపదార్థపు పలకలు లేవు. నల్లని, నునుపైన, తెల్లని మచ్చలతో కూడిన తోలు మాత్రమే కనిపిస్తుంది. ఆ తోలు మీద మెడ నుంచి తోక దాకా ఏడు నిలువు గట్లు సాగుతాయి.

అయితే ఇది చిన్న ప్రాణి కాదు. తాబేళ్లన్నింటిలోకీ పెద్దది. 1988లో వేల్స్ దేశంలోని హార్లెక్ తీరానికి కొట్టుకువచ్చిన మగ తాబేలు బరువు 916 కిలోలు. దాని దేహాన్ని కార్డిఫ్‌లోని జాతీయ మ్యూజియంలో భద్రపరిచారు. ఈ జాతి 1,200 మీటర్లకు మించిన లోతుకు మునుగుతుంది. ఉష్ణమండలంలో గుడ్లు పెట్టి, ఆహారం కోసం కెనడా, నార్వే సమీపంలోని చల్లని జలాల దాకా వెళ్తుంది. ఇంత ప్రత్యేకత గల ప్రాణిని ఏ వర్గంలో చేర్చాలి అనే ప్రశ్న ప్రాణిశాస్త్రవేత్తలను నాలుగు శతాబ్దాలుగా వేధించింది.

వర్గీకరణ చరిత్రను భాషాసాహిత్య పరిశోధకులు పట్టించుకోవలసిన అవసరం ఏమిటనే ప్రశ్న రావచ్చు. కావ్యభేదాలను, ప్రక్రియలను, మాండలికాలను వర్గీకరించే పనిలో మనమూ ఇదే సమస్యను ఎదుర్కొంటాం. ఒక రచనలో ఏది ఉంది అని చూడాలా, ఏది లేదు అని చూడాలా, ఏ రచనతో దానికి వంశసంబంధం ఉంది అని చూడాలా? ఈ మూడు మార్గాలలో ఏది ఎక్కడికి దారి తీస్తుందో తోలుతాబేటి కథ స్పష్టంగా చూపిస్తుంది.

2. వీణ నుంచి తోలు దాకా: నామకరణ చరిత్ర

2.1 రోందెలె వర్ణన

ఐరోపా శాస్త్రసాహిత్యంలో ఈ ప్రాణికి సంబంధించిన తొలి స్పష్టమైన వర్ణనలలో ఒకటి 1554 నాటిది. దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే నగరంలో వైద్యశాస్త్ర ఆచార్యుడైన గియోమ్ రోందెలె సముద్రపు చేపలను గురించి లాటిన్ భాషలో ఒక బృహద్గ్రంథం ప్రచురించారు. నీటిలో జీవించే వాటిని, తాబేళ్లతో సహా, చేపల గ్రంథంలోనే చేర్చడం అప్పటి పద్ధతి. అందులో ఆయన ఈ తాబేటికి రెండు పేర్లు ఇచ్చారు. మొదటిది ‘తోలు తాబేలు’. రెండవది ‘మెర్క్యురీ తాబేలు’.

రెండవ పేరు వెనుక ఒక పురాణకథ ఉంది. గ్రీకుల హెర్మెస్ దేవతనే రోమన్లు మెర్క్యురీ అన్నారు. ఆయన శిశువుగా ఉన్నప్పుడే ఒక తాబేటి డిప్పకు తంత్రులు బిగించి మొదటి తంత్రీవాద్యాన్ని తయారుచేశాడని గ్రీకుల విశ్వాసం. అందువల్లనే గ్రీకు భాషలో ‘కెలిస్’ అనే పదానికి తాబేలు అనే అర్థంతో పాటు వీణవంటి వాద్యం అనే అర్థం కూడా ఏర్పడింది. తోలుతాబేటి వీపు మీది నిలువు గట్లు బిగించిన తంత్రులను తలపిస్తాయి. ఫ్రెంచి భాషలో నేటికీ దీని పేరుకు ‘వీణ తాబేలు’ అనే అర్థమే ఉంది. అక్కడ వాడిన పదం ‘ల్యూట్’ అనే తంత్రీవాద్యానిది.

ఈ అర్థసంబంధం మనకు కొత్తది కాదు. అమరకోశం కూర్మానికి కమఠ, కచ్ఛప శబ్దాలను పర్యాయపదాలుగా చెప్పింది. సరస్వతీదేవి వీణకు ‘కచ్ఛపి’ అని పేరు. నారదుని ‘మహతి’, తుంబురుని ‘కళావతి’ సరసన ఆ పేరు తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ పరిచితమే. తాబేటికీ వీణకూ గల సంబంధాన్ని రెండు ప్రాచీన నాగరికతలూ పదంలోనే నిక్షిప్తం చేశాయి. ఈ సామ్యం నుంచి ఎవరు ఎవరి వద్ద స్వీకరించారనే నిర్ణయానికి రానక్కరలేదు. గుండ్రని డిప్పను ప్రతిధ్వనిపేటికగా గుర్తించడం ఎక్కడైనా జరగగలదు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ‘వీణ తాబేలు’ అనే పేరు ఆ ప్రాణికి ఉన్నదానిని బట్టి పెట్టిన పేరు. తమిళ జాలరుల వాడుకలోనూ ఏడు గీతల తాబేలు అనే అర్థం గల పేరు ఉంది. అదీ ఉన్నదానిని బట్టి పెట్టినదే. లేనిదానిని బట్టి పేరు పెట్టడం తరువాతి కాలపు పండితుల పని.

2.2 వాండెల్లి, లిన్నేయస్

జంతువుల శాస్త్రీయ నామాలకు ప్రామాణిక ప్రారంభం 1758. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ‘సిస్టమా నాచురే’ గ్రంథం పదవ ముద్రణ వెలువడిన సంవత్సరం అది. ఆ ముద్రణలో తోలుతాబేలు లేదు. 1766 నాటి పన్నెండవ ముద్రణలో మాత్రం ‘టెస్ట్యూడో కొరియేసియా’ అనే పేరుతో చోటు చేసుకుంది. లాటిన్‌లో ‘టెస్ట్యూడో’ అంటే తాబేలు, ‘కొరియేసియా’ అంటే తోలుతో కూడినది. రెండు శతాబ్దాలకు పైగా పుస్తకాలన్నీ ఈ జాతి నామకర్తగా లిన్నేయస్‌నే పేర్కొన్నాయి.

వాస్తవం వేరు. ఇటలీలోని పాదువాకు చెందిన ప్రకృతిశాస్త్రవేత్త దొమేనికో వాండెల్లి 1761లోనే లిన్నేయస్‌ను సంబోధిస్తూ ఒక లేఖను పుస్తకంగా అచ్చు వేశారు. అందులో ఈ తాబేటిని వర్ణించి, అదే పేరుతో పేర్కొన్నారు. ఆయన వర్ణించిన తాబేలు టిరేనియన్ సముద్రతీరంలో దొరికింది. పోప్ పదమూడవ క్లెమెంట్ దానిని పాదువా విశ్వవిద్యాలయానికి కానుకగా ఇచ్చారు. ఆ నమూనా నేటికీ పాదువాలోనే ఉంది. 1980లో ఫ్రెంచి పరిశోధకులు ఫ్రెతే, బూర్ ఈ నమూనాను గుర్తించి చర్చించారు. 1983లో బూర్, ద్యుబ్వా నామకరణ ప్రాధాన్యం వాండెల్లికే చెందుతుందని నిరూపించారు. అప్పటి నుంచి శాస్త్రగ్రంథాలలో ‘డెర్మోకెలిస్ కొరియేసియా (వాండెల్లి, 1761)’ అని రాయడం స్థిరపడింది. నామకర్త పేరును కుండలీకరణాలలో ఉంచడానికి ఒక నియమం ఉంది. ఆయన పెట్టిన ప్రజాతి నామం తరువాత మారిందని అది సూచిస్తుంది.

ఒక తాళపత్ర ప్రతిని పరిష్కరించేటప్పుడు మూలప్రతిని వెతికి, కర్తృత్వాన్ని నిర్ధారించే పనికీ దీనికీ పద్ధతిలో భేదం లేదు. ప్రసిద్ధుని పేరు మీద చలామణి అవుతున్న కృతిని అసలు కర్తకు అప్పగించడం రెండింటిలోనూ ఉంది.

2.3 ప్రజాతి నామం

అన్ని తాబేళ్లనూ ‘టెస్ట్యూడో’ అనే ఒకే ప్రజాతిలో ఉంచడం కుదరదని పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలోనే తేలింది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లాంవిల్ ఈ జాతికి ‘డెర్మోకెలిస్’ అనే ప్రజాతి నామం పెట్టారు. గ్రీకులో ‘డెర్మ’ అంటే చర్మం, ‘కెలిస్’ అంటే తాబేలు. 1820లో జర్మన్ శాస్త్రవేత్త మెరెమ్ ‘స్ఫార్గిస్’ అనే మరో పేరు ప్రతిపాదించారు. శతాబ్దం పొడుగునా ఈ రెండు పేర్లూ పోటీ పడ్డాయి. ముందు వచ్చిన పేరుకే ప్రాధాన్యమనే నియమం బలపడిన తరువాత బ్లాంవిల్ పేరు నిలిచింది. 1843లో ఫిట్జింగర్ దీనికి ప్రత్యేక కుటుంబం ఏర్పరచి ‘డెర్మోకెలిడే’ అన్నారు. వీణను గుర్తు చేసిన ‘కెలిస్’ శబ్దం ఆ విధంగా మళ్లీ ఈ తాబేటి పేరులోకి ప్రవేశించింది. ఈసారి మాత్రం దానికి చర్మం తోడైంది.

3. ‘అథీకే’ వాదం: లేమి ఆధారంగా వర్గీకరణ

మిగిలిన తాబేళ్లలో డిప్ప ఎలా ఏర్పడుతుందో తెలిస్తే తప్ప ఈ వాదం అర్థం కాదు. సాధారణ తాబేటిలో పక్కటెముకలు, వెన్నుపూసలు వెడల్పైన ఎముక పలకలుగా విస్తరించి, ఒకదానితో ఒకటి అతుక్కుని పైడిప్పగా మారుతాయి. అందువల్లనే తాబేలు డిప్పను విడిచి బయటికి రాలేదు. డిప్ప దాని అస్థిపంజరంలో భాగం.

తోలుతాబేటిలో ఇది జరగదు. దాని పక్కటెముకలు విడివిడిగానే ఉంటాయి. వాటికి పైన నూనెతో నిండిన మందపాటి కణజాలం, ఆపైన చర్మంలో పొదిగిన వేలాది చిన్న ఎముక బిళ్లలు ఉంటాయి. నేల మీద రంగురాళ్లు పరిచినట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఈ బిళ్లలకు కింది అస్థిపంజరంతో అతుకు లేదు.

1871లో అమెరికన్ పురాజీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ ఈ భేదాన్ని ఆధారం చేసుకుని తోలుతాబేటిని ‘అథీకే’ అనే ప్రత్యేక ఉపక్రమంగా విడదీశారు. గ్రీకులో ‘థీకే’ అంటే పెట్టె. గ్రంథాలయాన్ని సూచించే ఐరోపా పదాలలోనూ ఇదే పదం దాగి ఉంది. ‘అథీకే’ అంటే పెట్టె లేనివి. మిగిలిన తాబేళ్లన్నింటికీ ‘పెట్టెను మోసేవి’ అనే అర్థంలో ‘థీకోఫోరా’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. మెట్టతాబేలు, చెరువు తాబేలు, మెత్తని డిప్ప గల నదీ తాబేలు, ఇతర సముద్ర తాబేళ్లు అన్నీ ఒక వైపు, తోలుతాబేలు ఒక్కటే మరొక వైపు. తాబేళ్ల వంశవృక్షంలో మొట్టమొదటి చీలిక వీటి మధ్యనే జరిగిందని ఈ విభజన భావం. 1889లో బ్రిటిష్ మ్యూజియం తాబేళ్ల పట్టికను రూపొందించిన బూలాంజే కూడా ఈ విభజననే అనుసరించారు. ఆ పట్టిక ప్రపంచమంతటా ప్రామాణికం కావడంతో వాదానికి అధికారముద్ర లభించింది.

ఈ వాదంలో ఒక ఆకర్షణ ఉంది. తోలుతాబేలు ఆదిమ తాబేటికి ప్రతినిధి అనీ, డిప్ప ఇంకా ఏర్పడని దశ దానిలో కనిపిస్తోందనీ భావించడానికి అది అవకాశమిచ్చింది. 1898లో ఆలివర్ పెరీ హే మరొక కోణాన్ని ముందుకు తెచ్చారు. ప్రాచీన తాబేళ్లకు రెండు పొరల కవచం ఉండేదనీ, తోలుతాబేలు పైపొరను నిలుపుకుని లోపలి దానిని పోగొట్టుకున్నదనీ, ఇతర తాబేళ్లు దానికి విరుద్ధంగా చేశాయనీ ఆయన ప్రతిపాదించారు. రెండు ఊహల్లోనూ తోలుతాబేలు పురాతన లక్షణాన్ని మోస్తున్న ప్రాణిగానే కనిపిస్తుంది.

లోపం పద్ధతిలోనే ఉంది. ఒక లక్షణం లేకపోవడం రెండు భిన్న కారణాల వల్ల కావచ్చు. ఆ లక్షణం ఎన్నడూ లేకపోవచ్చు. ఒకప్పుడు ఉండి తరువాత పోయి ఉండవచ్చు. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మొదటిది ప్రాచీనతకు గుర్తు, రెండవది నవ్యతకు గుర్తు. లేమిని మాత్రమే చూసే వర్గీకరణ ఈ రెండింటినీ వేరు చేయలేదు. ఒక కావ్యంలో అవతారిక లేదు కనుక అది అవతారికా సంప్రదాయానికి పూర్వమైనదని వెంటనే నిర్ణయిస్తే ఎంత పొరపాటో ఇదీ అంతే. అవతారిక పత్రాలు లుప్తమై ఉండవచ్చు కదా.

4. ప్రతివాదం: బౌర్, డోలో

జర్మనీలో పుట్టి అమెరికాలో పనిచేసిన గియోర్గ్ బౌర్ 1880లలోనే కోప్ విభజనను వ్యతిరేకించారు. డిప్పను పక్కన పెట్టి పుర్రెను చూడమన్నది ఆయన వాదన సారాంశం. తోలుతాబేటి పుర్రె నిర్మాణం ఇతర సముద్ర తాబేళ్ల పుర్రెకు సన్నిహితంగా ఉంది. కాబట్టి అది తాబేళ్లలో అత్యంత ఆదిమమైనది కాదు. సముద్ర జీవనానికి అత్యధికంగా మారిపోయిన తాబేలు.

బ్రస్సెల్స్‌లో పనిచేసిన లూయి డోలో పరిణామశాస్త్రంలో ఒక నియమకర్తగా ప్రసిద్ధులు. పరిణామక్రమంలో పోగొట్టుకున్న నిర్మాణం మళ్లీ అదే రూపంలో తిరిగి రాదన్నది 1893లో ఆయన సూత్రీకరించిన నియమం. 1901లో తోలుతాబేటి పుట్టుకను గురించి రాస్తూ ఆయన ఈ నియమాన్ని అన్వయించారు. తోలుతాబేటి పూర్వీకులకు మామూలు డిప్పే ఉండేది. నడిసంద్రపు జీవితంలో అది క్షీణించింది. తరువాత తీరప్రాంతానికి మళ్లినప్పుడు కవచం మళ్లీ అవసరమైంది. అయితే పోయిన డిప్ప తిరిగి రాలేదు కనుక చర్మంలో కొత్తగా ఎముక బిళ్లల కవచం పుట్టింది. మళ్లీ నడిసంద్రానికి వెళ్లిన తరువాత ఆ రెండవ కవచం కూడా పలచబడింది.

తీరానికీ నడిసంద్రానికీ మధ్య ఇన్ని రాకపోకలు నిజంగా జరిగాయా అన్నది వేరే ప్రశ్న. ఆ దశలన్నింటికీ శిలాజాలు సాక్ష్యమివ్వవు. డోలో వాదంలో నిలిచిన భాగం వేరు. తోలుతాబేటి ఎముక బిళ్లలు పాత డిప్ప అవశేషం కాదు, చర్మంలో తరువాత వచ్చిన కొత్త నిర్మాణం అన్నదే ఆ భాగం. దానితో లేమికి అర్థం మారింది. డిప్ప ‘ఇంకా రాలేదు’ అన్న స్థానంలో ‘వచ్చి పోయింది’ అన్న వివరణ వచ్చింది.

5. దేహమే సాక్ష్యం

బౌర్, డోలోల నిర్ణయాన్ని తరువాతి శతాబ్ది నాలుగు రకాల సాక్ష్యాలతో బలపరిచింది.

మొదటిది అస్థిపంజరం. తోలుతాబేటిలో మామూలు డిప్పకు చెందిన ఒక ఎముక ఇప్పటికీ మిగిలి ఉంది. అది మెడ వెనుక, వీపు మొదట్లో ఉండే పలక. అడుగుడిప్ప స్థానంలో సన్నని ఎముక కడ్డీలు ఉంగరంలా మిగిలాయి. ఎన్నడూ డిప్ప లేని ప్రాణిలో డిప్ప ముక్కలు ఉండవలసిన పని లేదు.

రెండవది పిల్ల దశ. గుడ్డు నుంచి వెలువడిన తోలుతాబేటి పిల్ల దేహమంతా పూసలవంటి చిన్న పొలుసులు ఉంటాయి. పెరిగేకొద్దీ అవి రాలిపోయి నున్నని చర్మం మిగులుతుంది. పెద్ద తాబేటిలో కనిపించే లేమి పుట్టుకతో వచ్చింది కాదని ఇది సూచిస్తుంది.

మూడవది రక్తం. అమెరికన్ శాస్త్రవేత్త వేన్ ఫ్రెయిర్ తాబేళ్ల రక్తంలోని ప్రోటీన్లను పోల్చి చూశారు. 1979లో ప్రచురించిన ఆయన పరిశీలన తోలుతాబేటికి మిగిలిన సముద్ర తాబేళ్లతో గల బంధుత్వాన్ని బలపరిచింది.

నాలుగవది డీఎన్‌ఏ. 1993లో బోవెన్, నెల్సన్, అవీస్ మైటోకాండ్రియా జన్యువు ఆధారంగా సముద్ర తాబేళ్ల వంశవృక్షాన్ని ప్రచురించారు. 2023లో తోలుతాబేటి, పచ్చతాబేటి సంపూర్ణ జన్యుపటాలను పోల్చిన అధ్యయనం వెలువడింది. ఈ రెండు వంశాలూ సుమారు 6 కోట్ల ఏళ్లకు పూర్వం విడిపోయాయని అది పేర్కొంది. ఆరు కోట్ల ఏళ్ల ఎడం చిన్నది కాదు. అందుకే డెర్మోకెలిడే ప్రత్యేక కుటుంబంగా నిలిచింది. అయితే ఆ కుటుంబం నేడు ఉన్నది తాబేళ్లన్నింటికీ బయట కాదు, సముద్ర తాబేళ్ల శాఖ లోపల. ‘అథీకే’ వర్గీకరణ గ్రంథాల నుంచి తొలగిపోయింది. శిలాజాలను బట్టి ఈ కుటుంబంలో ఒకప్పుడు అనేక ప్రజాతులుండేవి. ‘సెఫోఫోరస్’ వాటిలో ఒకటి. నేడు మిగిలింది ఒకే ప్రజాతి, అందులో ఒకే జాతి.

6. చల్లని రక్తం అనే మరొక నిర్వచనం

తోలుతాబేలు సడలించిన నిర్వచనం డిప్ప ఒక్కటే కాదు. సరీసృపాలు శీతల రక్త జంతువులు, వాటి దేహోష్ణత పరిసరాలను బట్టి మారుతుంది అని పాఠశాలలో నేర్చుకుంటాం. 1972లో ఫ్రెయిర్, ఆక్‌మన్, మ్రసోవ్‌స్కీ కలిసి ప్రచురించిన ఒక చిన్న వ్యాసం ఈ పాఠాన్ని కదిలించింది. వారు పరిశీలించిన తోలుతాబేటి లోపలి ఉష్ణోగ్రత అది ఉన్న చల్లని నీటి కంటే 18 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువగా ఉంది. నీరు 7.5 డిగ్రీలు, దేహం 25.5 డిగ్రీలు.

దీనికి కారణాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. 1973లో గ్రీర్, లాజెల్, రైట్ ఈ తాబేటి తెడ్ల మొదళ్లలో రక్తనాళాల కట్టలను వర్ణించారు. దేహం నుంచి తెడ్డులోకి పోయే వెచ్చని రక్తం, తెడ్డు నుంచి తిరిగి వచ్చే చల్లని రక్తం పక్కపక్కనే ఎదురెదురుగా ప్రవహిస్తాయి. దారిలోనే వేడి ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. అందువల్ల వేడి సముద్రం పాలు కాకుండా దేహంలోనే నిలుస్తుంది. 1990లో పలడీనో, ఓకానర్, స్పోటీలా మరొక వివరణ చేర్చారు. భారీ దేహం వేడిని నెమ్మదిగా కోల్పోతుంది, కొవ్వు పొర దానికి కంబళిలా పనిచేస్తుంది. క్షీరదాల స్థాయిలో జీవక్రియ లేకపోయినా పరిమాణమే దేహాన్ని వెచ్చగా ఉంచగలదని దీని సారాంశం. 1981లో రోడిన్, ఆగ్‌డెన్, కాన్‌లోగ్ ఎముకల చివర మృదులాస్థిలో రక్తనాళాలుండటాన్ని గుర్తించి, క్షీరదాలతో పోలిక గల లక్షణంగా పేర్కొన్నారు.

ఇక్కడ శాస్త్రవేత్తలు కోప్ దారిలో నడవలేదు. దేహం వెచ్చగా ఉంది కనుక ఇది సరీసృపం కాదనలేదు. వంశం చేత సరీసృపమే, జీవనవిధానం చేత వెచ్చదనం సాధించుకుంది అన్నారు. ఒక శతాబ్దంలో వర్గీకరణ దృష్టి ఎంత మారిందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పై లక్షణాలన్నీ ఒకే జీవనానికి సంబంధించినవి. ఈ తాబేటి ప్రధానాహారం జెల్లీ చేపలు. వాటిలో అధికభాగం నీరే కావడంతో చాలా తినాలి. అవి సమృద్ధిగా దొరికే చల్లని జలాలకు వెళ్లాలి. జారిపోయే ఆ ఆహారాన్ని నిలపడానికి దాని గొంతులో లోపలి వైపు వంగిన ముళ్లు వరుసలు తీరి ఉంటాయి. డిప్ప పోవడం ఒక లోపంగా కాక, దూరప్రయాణానికీ లోతైన మునకకూ అనువైన దేహంలో భాగంగా ఇప్పుడు అర్థమవుతుంది.

7. జాతి ఒకటి, సమూహాలు ఏడు

1884లో గార్మన్ పసిఫిక్ మహాసముద్రపు తోలుతాబేళ్లను ప్రత్యేక భేదంగా పేర్కొన్నారు. అది కొంతకాలం ఉపజాతిగా చలామణి అయింది. దేహనిర్మాణంలో గానీ జన్యువులలో గానీ తగిన ఆధారం లేకపోవడంతో నేడు దానిని అంగీకరించడం లేదు. 1999లో డట్టన్ బృందం వివిధ సముద్రాల తోలుతాబేళ్ల మైటోకాండ్రియా డీఎన్‌ఏను పోల్చి, జాతి మొత్తంలో వైవిధ్యం తక్కువేనని చూపింది. నామశాస్త్రం దృష్టిలో ప్రపంచమంతటా ఉన్నది ఒకే జాతి.

సంరక్షణ దృష్టిలో మాత్రం ఈ ఏకత్వం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఆడ తాబేళ్లు సాధారణంగా తాము పుట్టిన ప్రాంతానికే తిరిగి వచ్చి గుడ్లు పెడతాయి. ఇతర సముద్ర తాబేళ్లతో పోలిస్తే తోలుతాబేలు తీరం ఎంపికలో కొంత సడలింపు చూపినా, ఒక మహాసముద్రంలో అంతరించిన సమూహం స్థానాన్ని మరొక మహాసముద్రపు తాబేళ్లు వచ్చి భర్తీ చేయవు. మలేసియాలోని తెరెంగాను తీరంలో 1950లలో ఏడాదికి పది వేలకు పైగా గూళ్లు లెక్కకు వచ్చేవి. శతాబ్దం ముగిసేనాటికి అవి వేళ్ల మీద లెక్కించే స్థితికి చేరాయి. గుడ్ల సేకరణ, చేపల వలలు ప్రధాన కారణాలు. అదే కాలంలో అట్లాంటిక్‌లోని కొన్ని తీరాలలో గూళ్ల సంఖ్య పెరుగుతూ ఉంది. రెండింటినీ ఒకే జాతి పేరు కింద కలిపి లెక్కిస్తే తెరెంగాను నష్టం సగటులో మరుగున పడిపోతుంది.

ఈ కారణంగా 2010 తరువాత తోలుతాబేళ్లను ఏడు ప్రాంతీయ సమూహాలుగా గుర్తించడం మొదలైంది. 2013లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాతి మొత్తాన్ని ‘ముప్పుకు లోనయ్యే’ స్థాయిలో ఉంచింది. సమూహాలను విడివిడిగా చూసినప్పుడు చిత్రం మారిపోయింది. తూర్పు పసిఫిక్, పశ్చిమ పసిఫిక్, నైరుతి అట్లాంటిక్, నైరుతి హిందూ మహాసముద్ర సమూహాలు నాలుగూ ‘తీవ్రంగా అంతరించే ప్రమాదం’ స్థాయిలో తేలాయి. వాయవ్య అట్లాంటిక్ సమూహం అప్పట్లో సురక్షితమనిపించినా, 2019లో దానినీ ‘అంతరించే ప్రమాదం’ స్థాయికి చేర్చవలసి వచ్చింది. ఈశాన్య హిందూ మహాసముద్ర సమూహానికి మాత్రం 2013 అంచనా ‘తగిన సమాచారం లేదు’ అని రాసింది. మన అండమాన్, నికోబార్ దీవుల తాబేళ్లు ఈ సమూహానివే.

8. గలథియా తీరం

భారతదేశ తీరాలకు వచ్చే సముద్ర తాబేళ్లు ఐదు జాతులు. ఆంధ్రతీరంలో గుడ్లు పెట్టేది ముఖ్యంగా ఆలివ్ రిడ్లీ. తోలుతాబేటికి దేశంలో ప్రధాన స్థావరాలు లిటిల్ అండమాన్, గ్రేట్ నికోబార్ దీవులు. 1970ల చివరి నుంచి సతీశ్ భాస్కర్ ఈ దీవుల తీరాల వెంట కాలినడకన తిరిగి గూళ్లను లెక్కించారు. నేటి మన జ్ఞానానికి ఆయన పరిశీలనలే పునాది. గ్రేట్ నికోబార్ దక్షిణాన గలథియా నది సముద్రంలో కలిసే చోటి ఇసుకతీరం వాటిలో ముఖ్యమైనది.

తోలుతాబేలు ఒక ఋతువులో తొమ్మిది పది రోజుల ఎడంతో అనేకసార్లు గుడ్లు పెడుతుంది. రెండు మూడేళ్లకొకసారి తీరానికి తిరిగి వస్తుంది. పొదుగు కాలం సుమారు రెండు నెలలు. ఇసుక వెచ్చదనాన్ని బట్టి పిల్లల లింగం నిర్ణయమవుతుంది. భారీ దేహాన్ని ఈడ్చుకుంటూ రావడానికి లోతైన సముద్రం నుంచి అడ్డు లేకుండా చేరగల వెడల్పైన ఇసుకతీరం కావాలి. అటువంటి తీరాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ దీవుల తీరాలను ధ్వంసం చేసింది. తరువాతి సంవత్సరాలలో ఇసుక మళ్లీ మేట వేసింది, తాబేళ్లు మళ్లీ వచ్చాయి. 2010 తరువాత లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ పరికరాలు అమర్చిన తాబేళ్లు ఆస్ట్రేలియా పశ్చిమతీరం వైపు, ఆఫ్రికా వైపు ప్రయాణించాయి. వాటిలో ఒకటి సుమారు 13 వేల కిలోమీటర్లు ఈది మొజాంబిక్ సమీపానికి చేరింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు ఈ జాతికి అత్యున్నత రక్షణ ఇస్తుంది. 1997లో గలథియా తీరాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2021 జనవరిలో ఓడరేవు నిర్మాణం కోసం ఆ ప్రకటన రద్దయింది. అదే నెలలో విడుదలైన జాతీయ సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళిక గలథియాను ముఖ్యమైన తాబేటి స్థావరాలలో ఒకటిగా పేర్కొంది. 2022 నవంబరులో ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి లభించింది.

జాతికి చట్టరక్షణ అలాగే ఉంది, తీరానికి పోయింది. ఈ వైరుధ్యం వర్గీకరణ చర్చ నుంచి దూరమైనది కాదు. రక్షించవలసినది జాతి అనే పేరునా, ఆ పేరు కింద ఒక నిర్దిష్ట తీరానికి కట్టుబడి జీవించే సమూహాన్నా అన్నదే ఇక్కడి ప్రశ్న. మొదటిదే అయితే తోలుతాబేలు అట్లాంటిక్‌లో ఉన్నంతకాలం గలథియా లేకపోయినా లెక్క సరిపోతుంది. రెండవదైతే సరిపోదు. ‘తగిన సమాచారం లేదు’ అని నమోదైన సమూహం విషయంలో ఆ మాటను ప్రమాదం లేదనే అర్థంలో చదవడం కోప్ చేసినటువంటి పొరపాటే అవుతుంది. సమాచారం లేకపోవడం ఒక లేమి. లేమి నుంచి నిర్ణయం తీసుకోకూడదని ఈ తాబేటి చరిత్రే బోధిస్తోంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• తోలుతాబేటికి తొలి పేర్లు దానికి ఉన్న లక్షణాలను బట్టి ఏర్పడ్డాయి. ‘వీణ తాబేలు’ అనే భావన గ్రీకు ‘కెలిస్’ శబ్దం ద్వారా నేటి శాస్త్రీయ నామంలోనూ నిలిచి ఉంది. మన ‘కచ్ఛపి’ శబ్దం దానికి సమాంతరమైన ఊహ.

• జాతి నామకర్తృత్వం లిన్నేయస్ నుంచి వాండెల్లికి మారడం, మూలాధార పరిశీలన శాస్త్రచరిత్రలో ఎంత అవసరమో తెలుపుతుంది.

• 1871 నాటి ‘అథీకే’ వాదం లేమిని ప్రాచీనతగా భావించింది. బౌర్, డోలో ఆ లేమిని క్షయంగా వివరించారు. అస్థిపంజరం, పిల్ల దశ, రక్తం, డీఎన్‌ఏ వారి పక్షాన నిలిచాయి.

• దేహోష్ణత విషయంలో శాస్త్రం ఒకే లక్షణాన్ని ప్రమాణంగా తీసుకోలేదు. వంశానికీ జీవనవిధానానికీ భేదం పాటించింది.

• జాతి ఒక్కటే అయినా సంరక్షణకు ప్రాంతీయ సమూహమే ప్రమాణం కావాలి. గలథియా తీరం భవిష్యత్తును ఈ దృష్టితోనే అంచనా వేయాలి.

వర్గీకరణ అంటే పేర్లు అంటించడం కాదు, బంధుత్వాలను గుర్తించడం. తోలుతాబేటిని తన బంధువుల మధ్యకు తిరిగి చేర్చడానికి ప్రాణిశాస్త్రానికి దాదాపు శతాబ్దం పట్టింది. అది గుడ్లు పెట్టే తీరాలకు అంత వ్యవధి లేదు.